పదహారో అధికరణం ముందు ముల్కీ నిబంధనలు

ప్రాథమిక హక్కులు అనగానే ప్రభుత్వం పౌరుడి పట్ల చేయకూడని పనుల జాబితా గుర్తుకు రావడం సహజం. అయితే చట్టసభల మీదా న్యాయస్థానాల మీదా ఆ జాబితా చూపే ప్రభావంలో నిషేధం ఒక పాలు మాత్రమే. ఏ విషయం మీద ఏ సభకు చట్టం చేసే అధికారం ఉంది, ఆ చట్టం ఏ మేరకు వర్తిస్తుంది, పాత పాలకుల శాసనాల్లో ఏది నిలుస్తుంది, ఏది రాలిపోతుంది అన్న లెక్కలు కూడా ఆ అధికరణాల మాటల్లోనే ఇమిడి ఉంటాయి. హైదరాబాదు సంస్థానంలో పుట్టి, సంస్థానం పోయిన తరువాత పాతికేళ్లు బతికి, రెండు ప్రాంతాల్లో రెండు మహోద్యమాలకు నిమిత్తమైన ముల్కీ నిబంధనల చరిత్ర ఈ సంగతిని నిరూపించినంత స్పష్టంగా తెలుగు నేల మీద మరే వివాదమూ నిరూపించలేదు. ఆ చరిత్రను సాధారణంగా రాజకీయ కథగా, అంటే ఎవరు మాట తప్పారు, ఎవరు మోసపోయారు అన్న కథగా చెబుతారు. న్యాయశాస్త్ర దృష్టితో చూస్తే మాట తప్పడానికి ముందే, ఆ మాట ఇచ్చే అధికారం ఇచ్చినవారికి ఉందా అన్న ప్రశ్న ఎదురవుతుంది.

ముల్కీ అంటే సంస్థానపు స్థానికుడు. కానివాడు గైర్ ముల్కీ. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో దివాను మొదటి సాలార్‌జంగ్ పరిపాలనను సంస్కరించే పనిలో ఉత్తర హిందుస్థానం నుంచి చదువుకున్న అధికారులను రప్పించినప్పటి నుంచి, వచ్చినవారికీ ఉన్నవారికీ మధ్య కొలువుల కోసం పోటీ ముదురుతూ వచ్చింది. ఏడవ నిజాం 1919లో జారీ చేసిన ఫర్మానా ఆ పోటీకి నియమం విధించింది. హైదరాబాదు సివిల్ సర్వీసుల నిబంధనలలోని 39వ నిబంధన ప్రకారం, ప్రభువు ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ముల్కీ కానివారికి పై తరగతి కొలువు గాని కింది తరగతి కొలువు గాని దక్కదు. ముల్కీ ఎవరో అనుబంధం నిర్వచించింది: పుట్టుకచేత సంస్థాన ప్రజ అయినవారు, స్థిరనివాసం వల్ల ఆ హోదా పొందినవారు, తాము పుట్టేనాటికి తండ్రి సంస్థాన కొలువులో 15 సంవత్సరాలు పూర్తి చేసి ఉన్నవారు, ముల్కీని పెళ్లాడిన స్త్రీ. స్థిరనివాసానికి కనీసం 15 ఏళ్లు సంస్థానంలో ఉండడంతోపాటు, వెనుకటి ఊరికి తిరిగి వెళ్లే ఉద్దేశం వదులుకున్నట్టు మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రం దాఖలు చేయవలసి ఉండేది. ఈ నియమం చేయడానికి ఒక ప్రభువు సంతకం సరిపోయింది. దాన్ని ప్రశ్నించడానికి ఏ న్యాయస్థానంలోనూ ఏ హక్కుల జాబితా లేదు.

1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగి సంస్థానం భారత ప్రభుత్వపు అదుపులోకి వచ్చాక, రెవెన్యూ, పోలీసు, విద్యాశాఖల్లో మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చినవారి సంఖ్య పెరిగింది. ఉర్దూలో నడిచిన కచేరీలు ఇంగ్లీషులోకి మారుతున్న కాలమది. ఇంగ్లీషు తెలిసినవారు కోస్తాలో ఎక్కువ. నిబంధనలు కాగితం మీద ఉండగానే దొంగ ముల్కీ సర్టిఫికెట్లు చెలామణీ అవుతున్నాయన్న ఆరోపణతో 1952లో వరంగల్లులో మొదలైన విద్యార్థి ఉద్యమం హైదరాబాదుకు పాకి, సెప్టెంబరు తొలివారంలో సిటీ కళాశాల ప్రాంతంలో పోలీసు కాల్పులకు దారితీసింది. కాల్పులపై విచారణ బాధ్యతను బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డికి అప్పగించింది. ఆ ఉద్యమం నాటికే రాజ్యాంగం అమలులోకి వచ్చి రెండున్నర సంవత్సరాలు దాటింది. మరి ప్రాథమిక హక్కుల ఎదుట ఈ నిబంధనలు అప్పటికి ఎలా నిలిచి ఉన్నాయి?

దానికి మూడు అధికరణాలను కలిపి చదవాలి. పదమూడో అధికరణం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన పాత చట్టాలను, విరుద్ధమైన మేరకు చెల్లనివిగా ప్రకటించి, అలాంటి కొత్త చట్టాలు చేయరాదని రాజ్యాన్ని శాసించింది. పదహారో అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలలో పౌరులందరికీ సమాన అవకాశం ఇచ్చి, మతం, కులం, పుట్టిన చోటు వంటి వాటితోపాటు నివాసాన్ని కూడా వివక్షకు కారణం కారాదన్న జాబితాలో చేర్చింది. నివాసం అన్న ఆ మాట ముసాయిదాలో మొదట లేదు. 1948 నవంబరు 30న రాజ్యాంగ సభలో జస్పత్ రాయ్ కపూర్ తెచ్చిన సవరణతో అది చేరింది. చేరిన వెంటనే, దానికి మినహాయింపు కూడా ఉండాలని నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మరో సవరణ ప్రతిపాదించారు. కొన్ని రకాల ఉద్యోగాలకు రాష్ట్రంలో నివాసం ఉండాలని నియమం పెట్టవచ్చు, అయితే ఆ అధికారం పార్లమెంటుకు మాత్రమే ఉండాలి అన్నది దాని సారం. ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క తీరుగా గోడలు కట్టుకుంటే దేశపు ఏక పౌరసత్వానికి అర్థం లేకుండా పోతుందన్న భయం ఈ ఏర్పాటు వెనుక ఉంది. స్థానిక నివాస నియమాలు అప్పటికే పలు చోట్ల అమలులో ఉన్నాయని ఎరిగిన అంబేద్కర్ కూడా దీన్ని సమర్థించారు. అదే పదహారో అధికరణపు మూడో ఖండం. దీనికి తోడుగా ముప్ఫై అయిదో అధికరణం, ఈ విషయంలో రాష్ట్ర శాసనసభలకు అధికారం లేదని తేల్చి చెబుతూనే, రాజ్యాంగం వచ్చేనాటికి ఉన్న ఇలాంటి చట్టాలు పార్లమెంటు మార్చేదాకా, రద్దు చేసేదాకా కొనసాగుతాయని తాత్కాలిక రక్షణ కల్పించింది. నిజాం ఫర్మానా గణతంత్రంలోకి నడిచివచ్చింది ఈ సన్నని దారి వెంటనే.

ఇదే కాలంలో మద్రాసు రాష్ట్రంలో కళాశాల ప్రవేశాలకు కులాలవారీ సీట్లు పంచిన కమ్యూనల్ జీవోను చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేయగా, మూడు నెలలు తిరక్కముందే మొదటి రాజ్యాంగ సవరణతో పదిహేనో అధికరణంలో నాలుగో ఖండం వచ్చింది. తీర్పుకు సవరణ బదులు చెప్పడం అనే పద్ధతికి అది నాంది. ముల్కీ వ్యవహారం కూడా చివరకు ఆ దారే పట్టింది గాని అక్కడికి చేరడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

ఆంధ్ర, తెలంగాణలను ఒకే రాష్ట్రంగా కలిపే ముందు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద ఆంధ్ర పక్షాన బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు సంతకాలు చేశారు. కింది సర్వీసులలో నియామకాలకు తెలంగాణను ప్రత్యేక ప్రాంతంగా పరిగణించాలని, ఉదాహరణకు 12 ఏళ్ల నివాసం వంటి నియమం ఏదైనా ఉండాలని అందులో రాసుకున్నారు. ఈ ఎనిమిది మందిలో కొందరు అప్పటికే మంత్రులు, మిగిలినవారూ ప్రజలలో పలుకుబడి గలవారే. ఇచ్చిన హామీలో నిజాయితీ ఎంత అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తర్కిస్తున్న విషయం. కాని వారంతా ఏకగ్రీవంగా, పూర్తి చిత్తశుద్ధితో కొత్త రాష్ట్ర శాసనసభలో చట్టం చేసినా అది చెల్లేది కాదు. నివాస నియమం పెట్టే అధికారాన్ని రాజ్యాంగం ఆ సభ చేతిలో పెట్టలేదు. ఒప్పందం విఫలం కావడానికి ఆంధ్ర నాయకుల దురుద్దేశమే కారణమన్న ప్రచార వాదం ఈ అంశాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు; ఆ లోపం గురించి ఆనాడే హెచ్చరించవలసిన న్యాయవాదులు ఇరుపక్షాలలోనూ ఉన్నారు.

పార్లమెంటు 1957లో తన పని తాను చేసింది. ప్రభుత్వోద్యోగాలకు నివాస నియమాల చట్టం రెండు చేతులతో రెండు పనులు చేసింది: రెండో సెక్షను దేశమంతటా ఉన్న పాత నివాస నియమాలన్నిటినీ ఎత్తివేసింది, మూడో సెక్షను తెలంగాణ, హిమాచల్ ప్రదేశ్, మణిపూర్, త్రిపురలకు మాత్రం కేంద్రం అలాంటి నియమాలు చేయవచ్చని అనుమతించింది. ఈ చట్టం 1959 మార్చి 21న అమలులోకి వచ్చింది. దాని కింద చేసిన నిబంధనలు తెలంగాణలోని కింది స్థాయి ఉద్యోగాలకు అక్కడ 15 ఏళ్ల ఎడతెగని నివాసాన్ని అర్హతగా విధించాయి. మూడో సెక్షను ఆయుర్దాయం మొదట అయిదేళ్లే; 1964లో మరో అయిదేళ్లు పెరిగింది. పైకి చూస్తే పార్లమెంటే చట్టం చేసింది గనుక ఇక లోటేమీ లేదు.

లోటు 1969లో బయటపడింది. నిబంధనలు అమలు కావడం లేదన్న ఆగ్రహంతో ఆ ఏడాది జనవరిలో ఖమ్మం జిల్లాలో మొదలైన ఆందోళనకు జవాబుగా ప్రభుత్వం జనవరి 21న 36వ నంబరు జీవో జారీ చేసి, తెలంగాణ పోస్టుల్లో చేరిన స్థానికేతరులను ఫిబ్రవరి 28లోగా తొలగించి ఆంధ్ర ప్రాంతంలో సర్దాలని ఆదేశించింది. తొలగింపుకు గురికానున్న ఉద్యోగులు ప్రాథమిక హక్కు ఆధారంగా కోర్టుకెక్కారు. హైకోర్టులో ఏక న్యాయమూర్తి ఫిబ్రవరిలో వారి వాదనను ఆమోదించగా, మార్చి 28న ఏ.వి.ఎస్. నరసింహారావు కేసులో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం మూడో సెక్షను తెలంగాణకు సంబంధించినంత వరకు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. తర్కం సూటిగా ఉంది. పదహారో అధికరణపు మూడో ఖండం రాష్ట్రంలో నివాసం గురించి మాట్లాడుతోంది. రాష్ట్రమంటే మొత్తం రాష్ట్రం. అందులో ఒక ముక్కను వేరుచేసి అక్కడి నివాసాన్ని అర్హత చేయడానికి పార్లమెంటుకు కూడా అధికారం లేదు. ముక్కకు ఒప్పుకుంటే అది జిల్లాలకు, తాలూకాలకు, పట్టణాలకు దిగజారదన్న హామీ ఏముంది అన్నది కోర్టు శంక. తెలంగాణ భగ్గుమంటున్న వేళ వచ్చిన ఈ తీర్పును నిష్ఠురమైనదిగా చాలామంది తలచారు. అయినా హక్కుల అధ్యాయంలోని మినహాయింపును సంకుచితంగా చదవడం న్యాయస్థానాలకు తొలి నుంచీ ఉన్న అలవాటే. మినహాయింపును పెంచితే హక్కు కుంచించుకుపోతుంది. అటు తరువాత కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి వాంఛూ నాయకత్వాన నియమించిన న్యాయకోవిదుల సంఘానికి కూడా రాజ్యాంగం ఉన్నదున్నట్టుగా ఉండగా దారి దొరకలేదు.

తీర్పు కొట్టివేసింది కొత్త చట్టాన్ని. మరి 1957 చట్టపు రెండో సెక్షను రద్దు చేసిన పాత ముల్కీ నిబంధనల మాటేమిటి? ఈ ప్రశ్న రాష్ట్ర హైకోర్టును మూడేళ్లు ఊపివేసింది. 1970 డిసెంబరులో హైకోర్టు అవి బతికే ఉన్నాయంది. 1972 ఫిబ్రవరిలో అయిదుగురు న్యాయమూర్తుల ఫుల్ బెంచి, నలుగురి ఆధిక్యంతో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అవి చెల్లవంది. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి సిక్రీ ధర్మాసనం ఫుల్ బెంచిని తోసిపుచ్చింది. 1957 చట్టంలోని రెండు సెక్షన్లూ ఒకే పథకంలో భాగాలు. తెలంగాణకు కొత్త రక్షణ ఇవ్వకుండా పాత రక్షణను తీసివేయాలని పార్లమెంటు తలచి ఉండదు. కనుక మూడో సెక్షను పడిపోయినప్పుడు తెలంగాణ విషయంలో రెండోది కూడా దానితోపాటే పడిపోయింది. రద్దే రద్దయిపోయింది గనుక, ముప్ఫై అయిదో అధికరణం నీడలో ఫర్మానా మళ్లీ లేచి కూర్చుంది.

ఇక్కడ కాసేపు ఆగి చూడవలసిన విడ్డూరం ఉంది. ప్రజలెన్నుకున్న పార్లమెంటు తెలంగాణలో నివాసాన్ని అర్హత చేస్తే అది ప్రాథమిక హక్కుకు భంగం; నిజాం ఫర్మానా అదే పని చేస్తే చెల్లుతుంది. తర్కంలో దోషం లేదు. పాత చట్టాన్ని కొనసాగించే ఖండం ఒకటి, కొత్త చట్టానికి హద్దు గీసే ఖండం మరొకటి. అయితే న్యాయస్థానం చదివిన ఈ సూక్ష్మ భేదం వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. మూడున్నరేళ్ల తేడాతో వచ్చిన రెండు తీర్పులలో మొదటిది తెలంగాణను ఓడించినట్టు, రెండోది ఆంధ్రను ఓడించినట్టు ఇరు ప్రాంతాలూ చదువుకున్నాయి. హక్కుల భాషలో చెప్పిన తీర్పు ప్రాంతాల భాషలోకి మారినప్పుడు దానికి గెలుపోటములు తప్ప వేరే అర్థం మిగలదు.

పర్యవసానం తెలిసిందే. 1972 చివరి నెలల్లో కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. భూసంస్కరణల మీద భూస్వాముల కోపం కూడా దానికి తోడైందన్న విశ్లేషణలో బలముంది. కేంద్రం రాజీగా చేసిన ముల్కీ నిబంధనల చట్టం ఆ నిబంధనలను జంట నగరాల్లో 1977 చివరిదాకా, మిగతా తెలంగాణలో 1980 చివరిదాకా ఉంచుతానని చెప్పి ఏ పక్షాన్నీ తృప్తిపరచలేకపోయింది. 1973 జనవరిలో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు రాజీనామా చేశారు, రాష్ట్రపతి పాలన వచ్చింది.

1973 సెప్టెంబరు 21న ప్రకటించిన ఆరు సూత్రాల పథకానికి రూపమిచ్చినవారు ఈసారి పాఠం నేర్చుకున్నారు. ఉన్న అధికరణంలో సందు వెదకడం మాని కొత్త అధికరణాన్నే తెచ్చారు. 32వ రాజ్యాంగ సవరణ 371-డి అధికరణాన్ని చేర్చింది. 1974 జులై 1 నుంచి అది అమలులోకి వచ్చింది. ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. రాష్ట్రంలోని వివిధ ప్రాంతాల ప్రజలకు ఉద్యోగాల్లో, చదువుల్లో సమాన అవకాశాలు కల్పించే ఉత్తర్వులు రాష్ట్రపతి జారీ చేయవచ్చని ఆ అధికరణం, రాజ్యాంగంలో మరెక్కడ ఏమున్నా ఈ ఏర్పాటే నెగ్గుతుందని దాని పదో ఖండం చెబుతాయి. ఆ చివరి మాట రాసింది పదహారో అధికరణాన్ని దృష్టిలో పెట్టుకునే. 1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విడగొట్టి, గుమస్తా స్థాయి పోస్టులను జిల్లాలవారీగా 80 శాతం, నాన్ గెజిటెడ్ పోస్టులను జోన్లవారీగా 70 శాతం, పేర్కొన్న కొన్ని గెజిటెడ్ పోస్టులను 60 శాతం స్థానికులకు కేటాయించింది. 1969లో కోర్టు భయపడినట్టు విషయం జిల్లాదాకా దిగింది. తేడా ఏమిటంటే అది తెలంగాణకు ఒక్కదానికే దిగలేదు, శ్రీకాకుళానికీ అనంతపురానికీ ఒకే కొలతతో దిగింది. స్థానికతకు కొలమానం కూడా మారింది. మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రం పోయి బడిలో చదివిన సంవత్సరాలు వచ్చాయి. ఏ తరగతులు ఎక్కడ చదివారో చూపే స్టడీ సర్టిఫికెట్ల కోసం రెండు తెలుగు రాష్ట్రాల నిరుద్యోగులు నేటికీ చిన్ననాటి బడుల చుట్టూ తిరగడానికి మూలం ఇదే.

పదో ఖండం హక్కుల అధ్యాయాన్ని పక్కకు తప్పించినంత మాత్రాన కోర్టు పక్కకు తప్పుకోలేదు. 371-డి కింద ఏర్పడిన పరిపాలనా ట్రిబ్యునల్ ఇచ్చే ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం మూడు నెలల్లోగా మార్చవచ్చు, కొట్టివేయనూ వచ్చని అయిదో ఖండం చెప్పేది. అంటే ప్రభుత్వం మీద ఉద్యోగి గెలిచిన వ్యాజ్యాన్ని అదే ప్రభుత్వం ఓడించవచ్చు. 1986 డిసెంబరులో పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఈ అధికారం చట్టబద్ధ పాలనకు, తద్వారా రాజ్యాంగ మౌలిక స్వరూపానికి విరుద్ధమని కొట్టివేసింది. మౌలిక స్వరూపమంటే, సవరణ పేరుతోనైనా పార్లమెంటు చెరపకూడని రాజ్యాంగ లక్షణాలని 1973లో కేశవానంద భారతి కేసులో కోర్టు నెలకొల్పిన సిద్ధాంతం. ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించలేదని దానికి ఆరేళ్ల ముందు గోలక్‌నాథ్ కేసులో తీర్పు రాసింది రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు.

1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అమలులో పాత ఫిర్యాదులే పునరావృతమయ్యాయి. తెలంగాణలోని అయిదో, ఆరో జోన్లలో నిబంధనలకు విరుద్ధంగా చేరినవారిని వెనక్కి పంపాలని ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985 డిసెంబరు 30న 610వ నంబరు జీవో ఇచ్చింది. అది చాలాకాలం కాగితానికే పరిమితమైంది. 2009 అక్టోబరులో హైదరాబాదు పోలీసు పోస్టుల విషయమై ఉత్తర్వులోని 14వ పేరా, ఎఫ్ అంశంపై వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు మలిదశ తెలంగాణ ఉద్యమానికి తక్షణ కారణాలలో ఒకటైంది. రాష్ట్రం 2014లో విడిపోయినా 371-డి విడిపోలేదు. రెండు రాష్ట్రాలకూ వర్తిస్తూనే ఉంది.

హక్కుల అధ్యాయం చేసే కాపలా ఎంత దూరం వెళుతుందో, ఎక్కడ గాయపరుస్తుందో తెలియాలంటే 2020 ఏప్రిల్ 22 నాటి చేబ్రోలు లీలాప్రసాదరావు కేసు తీర్పు చూడాలి. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నిటినీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరి 10న వచ్చిన 3వ నంబరు జీవోను అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసింది. నూరు శాతం కేటాయింపు సమానత్వ హక్కుకూ 371-డి కింది ఉత్తర్వుకూ రెండింటికీ విరుద్ధమని, అయిదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారం హక్కుల అధ్యాయాన్ని దాటలేదని కోర్టు చెప్పింది. అప్పటికే నియమితులైన ఉపాధ్యాయులను మాత్రం కదిలించలేదు. మైదాన ప్రాంతాల నిరుద్యోగికి రక్షణగా నిలిచిన 371-డి, ఏజెన్సీలో గోండు, కోయ బిడ్డకు తన భాష తెలిసిన పంతులును దూరం చేసే సాధనమైంది. ఆ తీర్పులోని బలహీనత ఇదే.

2018లో తెలంగాణకు కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. రెండు మల్టీజోన్లు, ఏడు జోన్లు ఏర్పాటు చేసి స్థానికుల వాటాను 95 శాతానికి పెంచిన ఆ ఉత్తర్వును, స్థానిక ఉద్యోగాల డిమాండే ఆయుధంగా ఏర్పడిన రాష్ట్రపు శాసనసభ తనంతట తాను చేసుకోలేకపోయింది. దానికి రాష్ట్రపతి సంతకమే కావలసి వచ్చింది.